వాన రాకడ – పందెం పోకడ



వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అన్నది మన పెద్దల మాట. ప్రాణం పోకడ సంగతి ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలంలో నేను కొంత చూశాను. వాన రాకడ సంగతి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి రైతుకు నాకంటే బాగా తెలుసు. అంటే, అది ఎవరికీ ముందుగా తెలియదన్న సంగతి అతనికి బాగా తెలుసు. అయినా ఆ వానను చూసుకొని, తడిసిన నేల మీద ఏ గుర్రం ముందు వస్తుందో తనకు తెలుసుననుకొని, ఇంటి సొమ్ము ఒడ్డే మనుషులు మన మధ్య ఉన్నారు. ఈసారి వారిని గురించి, వారి ఇళ్ళలోని వారిని గురించి మీతో ముచ్చటించదలచాను.

ఆరోగ్య విషయాలు రాసే చోట గుర్రప్పందేల ప్రసక్తి ఎందుకని మీరు అనుకోవచ్చు. జూదాన్ని మనం వ్యసనమంటాం, దురలవాటంటాం, కర్మమంటాం. వైద్యశాస్త్రం మాత్రం, అది ఒక హద్దు దాటినపుడు, వ్యాధి అంటుంది. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లోనే దానిని తన వ్యాధుల పట్టికలో చేర్చింది. 2013లో అదే సంఘం దానిని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన కూర్చోబెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో 2022 నుంచి అమలులో ఉన్న పదకొండవ కూర్పు కూడా జూద రుగ్మతను వ్యసన వ్యాధిగానే గుర్తించింది. కడుపులో పుండుకు, రక్తపోటుకు వైద్యుని దగ్గరకు వెళ్ళే మనిషి దీనికి కూడా వెళ్ళవచ్చు. కాని వెళ్ళడు, ఎందుకంటే దీనిని అతడు రోగమనుకోడు, తెలివి అనుకుంటాడు. వానాకాలంలో ఆ తెలివి మీద నమ్మకం మరీ పెరుగుతుంది.

మన పత్తి, మిరప మైదానాలలో గుర్రప్పందేల మైదానం లేదు. మనకు దగ్గరి మైదానం హైదరాబాదు మలక్‌పేటలో ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, పందేలు అక్కడికి వచ్చాయి. అంతకుముందు మన పూర్వులు చెన్నపట్నం గిండీ మైదానం పేరు చెప్పుకొనేవారు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రం రోజులలో అటువైపు రాకపోకలు సహజం. మలక్‌పేటలో జూలై మొదలు అక్టోబరు దాకా వర్షాకాలపు పందేలు, ఆ తర్వాత శీతకాలపు పందేలు నడుస్తాయి. ఈ జూలై, అక్టోబరు నెలల మధ్య కాలం మనకేమిటో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. పత్తి విత్తనం పడేది, మిరప నారు పోసి నాటేది, ఎరువుల కొట్టులో ఖాతా పెరిగేది ఆ నెలలలోనే. ఇంట్లోకి అప్పు తెచ్చిన డబ్బు వచ్చే కాలం అది. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళేవాడు వెళ్ళగా, ఊరు కదలకుండా దొంగ బుకీకి ఫోనులో పందెం చెప్పేవారు అంతకంటే ఎక్కువమంది ఉండేవారని నా దగ్గరకు వచ్చిన రోగుల మాటలను బట్టి నాకు తెలిసింది.

వానకు, గుర్రానికి ఉన్న సంబంధం కల్పన కాదు. మన రైతు దుక్కికి ముందు గుప్పెడు మట్టి తీసి పిడికిట బిగించి పదును చూస్తాడు. ముద్ద కడితే ఒక తీరు, పొడిగా రాలితే ఒక తీరు, చేతికి అంటుకుంటే ఒక తీరు. పందెపు మైదానానికి కూడా అటువంటి పదును ఉంటుంది. దానిని కొలవడానికి పెనెట్రోమీటరు అనే సాధనం ఉంది. నిర్ణీతమైన బరువును నిర్ణీతమైన ఎత్తు నుంచి ఒక కడ్డీ మీద పడవేసి, ఆ కడ్డీ నేలలోకి ఎంత దిగిందో చూస్తారు. మైదానంలో పలుచోట్ల ఇలా కొలిచి సగటు తీస్తారు. కడ్డీ లోతుగా దిగితే నేల మెత్తన, దిగకపోతే గట్టిది.

నేల మెత్తబడితే పరుగు మారుతుంది. గిట్ట లోపలికి దిగుతుంది, దానిని పైకి లాగడానికి ప్రతి అడుగులోనూ అదనపు శక్తి కావాలి. అందువల్ల పందెం కాలం పెరుగుతుంది, దమ్మున్న గుర్రానికి మేలవుతుంది, మీద ఎక్కువ బరువు మోసే గుర్రానికి కష్టమవుతుంది. ముందు పరుగెత్తే గుర్రాల గిట్టల నుంచి లేచే బురద వెనుక వచ్చే వాటి ముఖాన పడుతుంది, కొన్ని దానికి బెదురుతాయి. లోపలి కంచె పక్కన నేల అంతకుముందు పందేలలో తొక్కిడి పడి చితికిపోయి ఉంటే, రౌతులు దూరమైనా బయటి దారి ఎంచుకుంటారు. కొన్ని గుర్రాలు తడి నేల మీద చక్కగా పరుగెడతాయి, కొన్ని పొడి నేల మీద మాత్రమే తమ సత్తా చూపుతాయి. ఇవన్నీ నిజాలే. మన ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది కొత్త కాదు. తడి నేల మీద బండ ఒకలా కదులుతుంది, పొడి నేల మీద ఇంకొకలా కదులుతుంది.

ఇన్ని నిజాలు తెలిసిన మనిషి ఎందుకు ఓడిపోతాడు? ఈ ప్రశ్నను నా ముందు పెట్టినవాడు ఒక రోగి. సుమారు ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఆనవాళ్ళు మార్చి చెబుతున్నాను. నలభై అయిదేళ్ళ మనిషి, మిరపకాయల కొట్టులో గుమస్తా, ఊళ్ళో నాలుగెకరాల పొలం. నిద్ర పట్టడం లేదని, కడుపులో మంట అని వచ్చాడు. రక్తపోటు ఎక్కువగా ఉంది. మందులిచ్చాను, తగ్గలేదు. మూడవసారి భార్య వెంట వచ్చింది. “డాక్టరు గారూ, ఈయనకు వాన పడితే నిద్ర ఉండదండీ. మబ్బు పట్టిందంటే చాలు, పట్నం ఫోన్లే” అన్నది. అతడు తలవంచుకోలేదు. సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టాడు.

అంత శ్రద్ధగా రాసిన పుస్తకం నేను తక్కువగా చూశాను. పందెం జరిగిన తేదీ, ఆ ముందు రోజుల వాన, నేల స్థితి, గుర్రం పేరు, మోసిన బరువు, వచ్చిన స్థానం, అన్నీ ఎర్ర సిరాతో, నీలం సిరాతో గీతలు గీసి రాసుకున్నాడు. “వానంటే మాకు పుట్టుకతో వచ్చిన విద్యండీ. కార్తెలు చూసి సేద్యం చేసినోళ్ళం. ఏసీ గదుల్లో కూర్చునే వాళ్ళకేం తెలుస్తుంది తడి నేల సంగతి?” అన్నాడు. పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పాను. అందులో లేనిది ఒక్కటే. పెట్టిన డబ్బు ఎంత, తిరిగి వచ్చిన డబ్బు ఎంత అన్న పద్దు ఎక్కడా లేదు. కొట్టులో ఇతరుల లెక్కలు పైసలతో సహా రాసే గుమస్తా, తన లెక్క రాసుకోలేదు. ఆ రెండు గడులు కలిపి, గుర్తున్నంతవరకు నింపుకొని రమ్మన్నాను.

ఆ లెక్క సంగతి తరువాత చెబుతాను. అతని ప్రశ్నకు జవాబు ముందు చూద్దాం. మైదానంలో చట్టబద్ధంగా నడిచే టోటు పద్ధతికి మూలం 1867లో పారిస్‌లో జోసెఫ్ ఒలే అనే ఆయన రూపొందించిన విధానం. పందెం కాసినవారి డబ్బు అంతా ఒక కుప్పగా చేరుతుంది. నిర్వహణకు, పన్నుకు కొంత తీసివేసి, మిగిలినదానిని గెలిచినవారు తమ వాటాల ప్రకారం పంచుకుంటారు. అంటే మీరు పోటీ పడుతున్నది గుర్రంతో కాదు, వానతో కాదు, అదే కుప్పలో డబ్బు వేసిన తక్కిన మనుషులతో. వాన పడితే అది మీ ఒక్కరి మీదే పడదు. మైదానంలో ఉన్న వేలమంది తడుస్తారు. తడి నేల గుర్రం ఏదో మీకు తెలిసినట్లే వారికీ తెలుస్తుంది, వారూ దాని మీదే కాస్తారు. అందరూ ఒకే గుర్రం మీద కాస్తే, అది గెలిచినా మనిషికి వచ్చేది స్వల్పం. బుకీ దగ్గర అయినా అంతే. మబ్బు పట్టగానే అతడు ధర మారుస్తాడు. మీ జ్ఞానం నిజమే కావచ్చు, కాని దాని విలువ అప్పటికే ధరలో కలిసిపోయి ఉంటుంది. మార్కెట్టు యార్డులో మిరప రైతుకు ఇది అనుభవమే. దిగుబడి తగ్గిందన్న వార్త రైతు చెవిన పడేసరికి వ్యాపారి ధర ముందే కట్టి ఉంటాడు.

ఇక తీసివేతల సంగతి. 2023 అక్టోబరు 1 నుంచి గుర్రప్పందెం మీద పందెపు పూర్తి మొత్తానికి 28 శాతం వస్తుసేవల పన్ను విధించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. వాటిని పక్కన పెట్టి, లెక్క తేలికగా ఉండడానికి నూటికి 20 రూపాయలు మాత్రమే పోతాయనుకుందాం. సగటు మనిషి నూరు రూపాయలతో మొదలుపెట్టి, చేతికి వచ్చినదంతా మళ్ళీ మళ్ళీ ఒడ్డితే, మొదటి పందెం తర్వాత సగటున 80, రెండవ దాని తర్వాత 64, మూడింటికి 51, నాలుగింటికి 41, అయిదింటికి 33 రూపాయలు మిగులుతాయి. ఒక్క మధ్యాహ్నంలో మూడింట రెండు వంతులు కరిగిపోతుంది. తక్కిన వారికంటే కాస్త తెలివైనవాడు లాభపడడు, కొంచెం నెమ్మదిగా నష్టపోతాడు, అంతే. లాభపడాలంటే అతని తెలివి ఈ తీసివేతనంతా మించి ఉండాలి. ఇంటి ఖర్చు డబ్బుతో, ఫోను కబుర్లతో పందెం కాసేవాడికి అది అసాధ్యమని నా అభిప్రాయం.

“సుప్రీంకోర్టే ఇది నైపుణ్యమన్నది గదా” అని చదువుకున్నవారు కొందరు అంటారు. నిజమే. మద్రాసు పందెపు క్లబ్బు విషయమై 1996 జనవరిలో వెలువడిన తీర్పులో సుప్రీంకోర్టు గుర్రప్పందెంలో నైపుణ్యమే ప్రధానమని చెప్పింది. గుర్రాన్ని పెంచడంలో, తర్ఫీదులో, స్వారీలో, దాని చరిత్రను అంచనా వేయడంలో నైపుణ్యం ఉన్నదనడం సమంజసమే. కాని న్యాయస్థానం చెప్పినది ఆ ఆట చట్టం దృష్టిలో ఏమిటన్నది. అది ఒక మనిషి మెదడును ఏమి చేస్తుందన్నది వేరే ప్రశ్న. సారాయి దుకాణానికి లైసెన్సు ఉన్నంత మాత్రాన కాలేయం చెడకుండా ఉండదు.

మెదడు సంగతికి వద్దాం. 1975లో ఎలెన్ లాంగర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒక విషయం నిరూపించారు. కేవలం యాదృచ్ఛికంగా తేలే లాటరీలో కూడా, టిక్కెట్టు తామే ఎంచుకున్నవారు దాని మీద అధిక విశ్వాసం పెంచుకుంటారు. అది తమ అదుపులో ఉన్నదన్న భ్రమ కలుగుతుంది. ఎంచుకోవడానికి ఎన్ని వివరాలు ఎక్కువ ఉంటే ఆ భ్రమ అంత బలపడుతుంది. వాన, తడి, బరువు, రౌతు, గుర్రం వంశం, ఇన్ని వివరాలున్న గుర్రప్పందెం ఆ భ్రమకు చక్కని ఎరువు. దీనికి తోడు, ఓడినవాడు ఇక గెలుపు తన వంతని నమ్ముతాడు. 1913 ఆగస్టు 18న మాంటెకార్లో జూదశాలలో చక్రం వరుసగా 26 సార్లు నల్ల గడి మీదనే ఆగింది. ఈసారి తప్పక ఎరుపే అంటూ ఎరుపు మీద ఒడ్డుతూ పోయినవారు పెద్ద మొత్తాలు పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకం లేదు. జ్ఞాపకం మనిషికే ఉంది, అదే అతన్ని ముంచింది.

వానకు ఇందులో మరొక పాత్ర ఉంది, అదే అన్నిటికంటే ప్రమాదకరం. గెలిస్తే “నా అంచనా ఫలించింది” అంటాడు. ఓడితే “అంచనా సరైనదే, ఆఖరు క్షణంలో జల్లు పడి నేల మారింది” అంటాడు. గెలుపు తనది, ఓటమి వానది. సేద్యంలో ఈ మాట న్యాయమైనది. పంట పోతే నిజంగానే వాన కారణం కావచ్చు. ఆ న్యాయమైన మాటనే అతడు పందెంలోకి అరువు తెచ్చుకుంటాడు. తప్పు ఎన్నడూ తన మీదకు రాకపోతే, మనిషి మానుకోవడానికి కారణం ఎక్కడ దొరుకుతుంది? తల వాసిలో పోయిన పందెం కూడా అంతే. అది ఓటమే అయినా, మెదడు దానిని దాదాపు గెలుపుగా లెక్క కడుతుంది, ఇంకొక్కసారి అని తొందర పెడుతుంది.

మెదడులో కోరికను నడిపే డోపమిన్ అనే రసాయనం గురించి మీరు వినే ఉంటారు. దాని స్వభావం విచిత్రమైనది. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, కోతులకు తీపి రసం బహుమతిగా ఇస్తూ డోపమిన్ కణాల స్పందన కొలిచారు. బహుమతి తప్పక వస్తుందని తెలిసినపుడు గాని, రాదని తెలిసినపుడు గాని, ఎదురుచూపు వేళ ఆ కణాలు అంతగా ఉద్రేకపడలేదు. వచ్చే అవకాశం సగం, రాకపోయే అవకాశం సగం అయినపుడే, ఆ ఎదురుచూపంతా అవి అత్యధికంగా స్పందించాయి. అంటే మత్తు గెలుపులో లేదు, ఏమవుతుందో తెలియకపోవడంలో ఉంది. మబ్బు పట్టిన శనివారం సాయంకాలం ఆ తెలియనితనం రెండింతలు. నా రోగికి వాన పడితే నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక ముఖ్య విషయం చెప్పాలి. పార్కిన్సన్ జబ్బుకు, కాళ్ళలో నిలకడలేని బాధకు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు డోపమిన్‌లా పనిచేస్తాయి. ఎన్నడూ పేక ముట్టని వృద్ధులలో సైతం ఈ మందుల వల్ల కొందరికి జూదం మీద ఆపుకోలేని కోరిక పుట్టవచ్చు. ఇంట్లో పెద్దవారు ఆ మందులు వాడుతూ హఠాత్తుగా పందేలకు, విపరీతమైన కొనుగోళ్ళకు దిగితే, వారిని నిందించకండి. మందు సొంతంగా ఆపవద్దు. వెంటనే వైద్యునికి చెప్పండి. మోతాదు తగ్గించినా, మందు మార్చినా చాలామందిలో ఆ కోరిక తగ్గుతుంది.

“సేద్యమూ జూదమే గదండీ” అన్నాడు ఒకరోజు నా రోగి. ఆ మాటను తేలికగా తీసివేయలేం. వర్షాధారపు నేలలో కౌలు ముందే చెల్లించి, అప్పు తెచ్చి పత్తి వేసే మనిషి, ఏ జూదరికీ తీసిపోని ధైర్యంతో బతుకుతున్నాడు. ఋగ్వేదం పదవ మండలంలో జూదరి గోడు ఒక సూక్తంగా ఉంది. పాచికలు విడిచి పొలం చూసుకొమ్మన్న హితవు అందులో కనబడుతుంది. అంత పాత కాలంలోనే జూదానికి మందు సేద్యమని తోచింది. మన మైదానాలలో ఆ మందే ఒక పందెంలా తయారైంది. అయినా రెండింటికీ భేదం ఉంది. పొలంలో వాన కురిస్తే పంట పుడుతుంది, ఊరికంతా కొంత మేలు కలుగుతుంది. పక్క చేను రైతు గెలిచినంత మాత్రాన మీరు ఓడిపోరు. పందెంలో వాన కురిసినా ఏమీ పుట్టదు, ఒకరి జేబులోది ఇంకొకరి జేబులోకి పోతుంది, దారిలో కొంత తరుగుతుంది. వాననే నేరుగా పందెం వస్తువుగా చేసుకున్న రోజులూ ఉన్నాయి. కలకత్తా వర్తకవాడలో ఇంటి కప్పు మీది తూము వాన నీటితో పొర్లుతుందా లేదా అని పందేలు కాసేవారు. అవి ఎంత ముదిరాయంటే, వాటిని నిషేధిస్తూ 1897లో బెంగాల్‌లో చట్టం చేయవలసి వచ్చింది. ఆ కప్పుల కింద ఒక్క గింజ కూడా పండలేదు.

ఇదంతా నేను ఇంత వివరంగా రాయడానికి కారణం డబ్బు కాదు, ప్రాణం. 1987-88 ప్రాంతంలో తెల్లదోమ మన రెండు జిల్లాల పత్తిని నాశనం చేసినపుడు, అప్పులపాలైన రైతులు అవే పురుగుమందులు తాగిన సంగతి నా వయసువారికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను యువ వైద్యుణ్ణి. ఎట్రోపిన్ సూదులు చేతబట్టుకొని రాత్రులు గడిపిన ఆ రోజుల వాసన ఇప్పటికీ నా ముక్కును వదలలేదు. అప్పటి రైతులు జూదరులు కారు, వారికి జరిగినది వేరు. కాని అప్పు, సిగ్గు, ఇంట్లో చేతికందే పురుగుమందు, ఈ మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో నాకు అక్కడ తెలిసింది. జూద రుగ్మత ఉన్నవారిలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువని వైద్యశాస్త్రం చెబుతున్నది. పైగా రైతు అప్పు ఊరికి తెలుస్తుంది, జూదరి అప్పు బయటపడే రోజు దాకా భార్యకు కూడా తెలియదు. మన ప్రాంతంలో ఆ మనిషికి, పురుగుమందు డబ్బాకు మధ్య దూరం చాలా తక్కువ.

అందుకని రెండు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి. 1997లో అమెరికా పరిశోధకులు సూచించిన చిన్న పరీక్ష సారాంశం ఇది. మొదటిది, పందెంలో నానాటికీ ఇంకా ఎక్కువ సొమ్ము పెట్టాలనిపిస్తున్నదా? రెండవది, ఎంత పెట్టారన్న విషయంలో మీకు ముఖ్యమైనవారితో అబద్ధం చెప్పవలసి వచ్చిందా? రెండింటిలో ఒక్కదానికి అవునన్నా, వైద్యునితో మాట్లాడవలసిందే. వీటికి తోడు, పోయినదానిని రాబట్టుకోవడానికే మళ్ళీ కాయడం, మానాలని ప్రయత్నించి మానలేకపోవడం, మానితే చిరాకు, నిద్రలేమి, పిల్లల ఫీజు డబ్బు, ఆడవారి నగలు ముట్టుకోవడం, ఇవన్నీ వ్యాధి లక్షణాలు. ఇవి గుర్రాలకే పరిమితం కావు. క్రికెట్టు పందేలకు, కోడిపందేలకు, ఫోనులోని ఆటలకు ఇవే వర్తిస్తాయి. మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టాలు తెచ్చాయి. చట్టం దుకాణం మూయగలదు గాని, మనిషి లోపలి కోరికను మూయలేదు. అది వైద్యం చేయవలసిన పని.

వైద్యం ఉన్నది. ఆలోచనలోని పొరపాట్లను ఒక్కొక్కటిగా పట్టి చూపే సంభాషణా చికిత్స దీనికి ప్రధానమైనది. దిగులు, మద్యం తోడుగా ఉంటే వాటికీ చికిత్స చేయాలి. కొందరికి నాల్ట్రెక్సోన్ వంటి మందు కోరిక తగ్గించడానికి తోడ్పడుతుంది, అది మనోవైద్యుడు నిర్ణయించవలసినది. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో మనోవైద్య విభాగాలు ఉన్నాయి. గడప దాటడానికి సంకోచమైతే, 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లోవారు చేయవలసినవి కూడా ఉన్నాయి. అప్పు మొత్తం ఒక్కసారిగా తీర్చివేయకండి. తీరిన అప్పు అతనికి కొత్త పందెపు పెట్టుబడిగా కనబడుతుంది. ముందు అప్పులన్నీ కాగితం మీద రాయించండి. అతని సమ్మతితోనే పాసుపుస్తకం, కార్డు, ఫోనులోని చెల్లింపులు కొంతకాలం ఇంకొకరి చేతిలో ఉంచండి. పదిమందిలో పరువు తీసి బుద్ధి చెప్పాలని చూడకండి. సిగ్గు ఎక్కువైన కొద్దీ దాచడం ఎక్కువవుతుంది. అన్నిటికంటే ముందు, పురుగుమందులను ఇంట్లోంచి తీసి తాళం ఉన్న వేరే చోట పెట్టండి. “చచ్చిపోతాను” అన్న మాటను బెదిరింపని తోసివేయకండి. ఎవరైనా ఆ ప్రయత్నం చేస్తే, పోలీసు కేసుకు భయపడి ఆసుపత్రికి తీసుకురావడంలో ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 115వ సెక్షను ఆ మనిషిని తీవ్ర వేదనలో ఉన్నవాడిగానే భావించి శిక్ష నుంచి కాపాడుతుంది.

నా రోగి మూడు వారాల తర్వాత వచ్చాడు. గడులు నింపాడు. పుస్తకం నా చేతికివ్వకుండా తానే చదివాడు. అయిదు వానాకాలాలలో పోయినది, అతని నాలుగెకరాలలో ఎకరంన్నర ఖరీదు. “వానను తప్పు పట్టడానికి ఇందులో చోటు లేదండీ” అన్నాడు మెల్లగా. తడిసిన రోజుల పద్దు, ఎండిన రోజుల పద్దు విడివిడిగా కూడినా, రెండూ నష్టమే. అతన్ని మనోవైద్యుని దగ్గరకు పంపాను. బావమరిది లెక్కలు చూశాడు, భార్య పాసుపుస్తకం దాచింది. ఆ మరుసటి వానాకాలంలో అతడు రెండుసార్లు మళ్ళీ పందెం కాశాడు. కాని రెండుసార్లూ ఆ రాత్రే భార్యతో చెప్పాడు. ఆమె నా దగ్గరకు వచ్చి, “మళ్ళీ మొదటికొచ్చిందండీ” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, “లేదమ్మా, ఈసారి దాచలేదు గదా, ఇది మొదలు కాదు” అన్నాను. పై రెండు ప్రశ్నలలో రెండవదానికి అతడు అప్పుడు కాదని చెప్పగలిగాడు. మొదటిదానికి కాదని చెప్పడానికి ఇంకొక ఏడాది పట్టింది. అతనికి చికిత్స అలాగే జరిగింది, ఒక్కసారిగా కాదు.

పాఠక మిత్రులారా, మీ ఇంట్లోనో, పక్కింట్లోనో మబ్బు పడితే పొలం వైపు కాక ఫోను వైపు చూసే మనిషి ఉంటే, ముందుగా అతని దగ్గర కూర్చోండి. వాన గురించి అతనికున్న జ్ఞానాన్ని వెక్కిరించకండి, అది నిజమైన జ్ఞానమే. పెట్టినదెంత, వచ్చినదెంత అన్న రెండు గడులు మాత్రం గీసి చేతికివ్వండి. అతడు నింపేటప్పుడు పక్కనే ఉండండి.